వార్తల్లో పిల్లల ముఖం: చూపాలా, మూయాలా?

నాన్నపులి · శుక్రవారం రాత్రి 9:40

సూటిగానే అడుగుతున్నాను. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ ముఖం, పేరు వార్తల్లో అసలు రాకూడదంటే మీలో ఎంతమంది ఒప్పుకుంటారు? మంచి వార్తయినా, చెడ్డ వార్తయినా. మినహాయింపు అనే సూదిబెజ్జం వదిలితే అందులోంచి ఏనుగు దూరిపోతుంది, అందుకే అవి వద్దంటున్నాను.

ఓ నెలపాటు పనిగట్టుకుని చూశాను. వార్తల్లో పిల్లలకి దొరికేవి మూడే వేషాలు: బాధితుడు, బడుద్ధాయి, బాలమేధావి. బడికెళ్ళి, ఓ మోస్తరు మార్కులు తెచ్చుకుని, సాయంత్రం మోకాళ్ళు దోక్కుపోయేలా ఆడుకునే పిల్ల ఎవరికీ అక్కర్లేదు. సరే, ఆ పిల్ల అదృష్టవంతురాలు. వార్తయిన పిల్ల సంగతేంటి? పెద్దవాడి గురించి తప్పు రాస్తే లాయరు దగ్గరికి వెళ్తాడు. ఎనిమిదేళ్ళ పిల్ల ఎక్కడికెళ్తుంది? వాళ్ళు తగిలించిన వేషంతోనే పెరుగుతుంది.

మా బంధువుల్లో ఒక పాపకి జరిగింది కాబట్టి చెప్తున్నాను. వివరాలు అడక్కండి.

గోడమీదపిల్లి · 9:52

అడక్కండి అన్నాక అందరం అవే అడుగుతాం కదండీ.

డెస్క్_బాబాయి · 10:15

ఇరవై రెండేళ్ళు పత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ణి, కాస్త చెప్పనివ్వండి.

ముఖాలన్నీ మూసెయ్యమనడం సులువే. 1972 జూన్ 8న వియత్నాంలో, ఒంటికి అంటుకుని కాల్చే నాపామ్ బాంబు పడ్డాక ఒంటిమీద నూలుపోగు లేకుండా ఏడుస్తూ పరుగెత్తుకొస్తున్న తొమ్మిదేళ్ళ అమ్మాయి ఫొటో తెలుసు కదా? బట్టల్లేవని, పంపాలా వద్దా అని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆఫీసులోనే వాదన నడిచింది. పంపారు. యుద్ధం ఎవరి మీద పడుతుందో లోకం కళ్ళారా చూసింది. 2016లో ఫేస్‌బుక్ అదే ఫొటోని తీసేస్తే నార్వే పత్రిక ఆఫ్టెన్‌పోస్టెన్ సంపాదకుడు మొదటి పేజీలో బహిరంగ లేఖ రాశాడు, ఫేస్‌బుక్ దిగొచ్చి మళ్ళీ పెట్టింది. నాన్నపులి గారి రూలు ఉంటే ఆ ఫొటో ఉండదు. 2015లో టర్కీ తీరంలో ఇసుకలో బోర్లా పడివున్న సిరియా శరణార్థి పసివాడి శవం ఫొటో కూడా ఉండదు.

అంత పెద్దవి వదిలేయండి. తప్పిపోయిన పిల్లాడి సంగతేంటి? ముఖం లేకుండా ఎలా వెతకమంటారు? మేము రాత్రి వేసిన ఫొటో చూసి, తెల్లారేసరికి ఒక బస్సు కండక్టరు ఏడేళ్ళ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేశాడు. ఆ తల్లి గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పూర్ణవిరామం · 10:21

ఆ వియత్నాం ఫొటో తీసిందెవరన్నదే ఇప్పుడు వివాదం. 2025లో వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ ఛాయాగ్రాహకుడి పేరుని పక్కన పెట్టింది. తెలుసుకుని రాస్తే బాగుంటుంది.

డెస్క్_బాబాయి · 10:24

తీసినవాడి పేరు నేనెక్కడ రాశాను స్వామీ?

మీనా_టీచర్ · 10:58

మీరిద్దరూ తెర మీదున్న పిల్లల గురించే మాట్లాడుతున్నారు. తెర ముందు కూర్చున్న పిల్లల మాటేంటి? వాళ్ళే కదా లక్షల్లో ఉండేది.

చిన్నపిల్లలకి "ఇదివరకు జరిగింది మళ్ళీ చూపిస్తున్నారు" అన్నది అర్థం కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల దృశ్యాన్ని రోజంతా తిప్పితిప్పి వేస్తుంటే, చూసిన ప్రతిసారీ ఇంకో విమానం ఇంకో భవనాన్ని గుద్దుతోందని అనుకున్న పసిపిల్లలు ఉన్నారు. జోఆన్ కాంటర్ అనే పరిశోధకురాలు పిల్లలు టీవీ వార్తలకి ఎలా భయపడతారో ఏళ్ళ తరబడి చూశారు. చిన్నవాళ్ళని కంటికి కనిపించేది భయపెడుతుంది: వరద, మంట, కూలిన ఇల్లు. పెద్దయ్యేకొద్దీ దొంగతనాలు, హత్యలు, "మనకీ జరగొచ్చు" అనిపించేవి భయపెడతాయి. మనం మాత్రం "వాడికేం తెలుసు, ఆడుకుంటున్నాడు" అని టీవీ కట్టకుండా వదిలేస్తాం. ఆడుకుంటూనే వింటాడండీ.

మా రెండో తరగతిలో ఒకడు నెలరోజులు బడికి రాగానే తలుపు పక్కన బల్లే కావాలని పేచీ పెట్టేవాడు. ఎందుకురా అంటే చెప్పడు. తర్వాత వాళ్ళమ్మ చెప్పారు, ఎక్కడో బడి కాలిపోయిన వార్త ఇంట్లో అందరూ అన్నం తింటూ చూశారట. ఆ వార్తలో ఎవరి ముఖమూ లేదు. అన్నీ బ్లర్ చేశారు. మంట మాత్రం చెయ్యలేదు.

నాన్నపులి · 11:10

టీచర్ గారూ, అది వేరే చర్చ. టీవీ కట్టెయ్యడం తల్లిదండ్రుల చేతిలో పని. ఇక్కడ అడిగింది ముఖాల గురించి.

మీనా_టీచర్ · 11:13

వేరే చర్చ ఎలా అవుతుంది? శీర్షిక మీరు పెట్టారు కాబట్టి పిల్లల బాధలన్నీ మీ శీర్షికలోనే ఇమడాలా?

నాన్నపులి · 11:47

డెస్క్ బాబాయి గారికి. ఆ వియత్నాం అమ్మాయి కిమ్ ఫుక్ ఇప్పుడు అరవై దాటిన మనిషి. చిన్నప్పుడు ఆ ఫొటో అంటే తనకి అసహ్యంగా ఉండేదని, సిగ్గుతో చచ్చిపోయినట్టుండేదని ఆవిడే చెప్పుకున్నారు. తర్వాత దాన్ని శాంతి కోసం వాడుకోవడం నేర్చుకున్నారు, అది ఆవిడ గొప్పతనం, ఫొటోది కాదు. మీరు "లోకం కళ్ళారా చూసింది" అంటారు. లోకం చూసింది, ఆ పిల్ల మోసింది.

టర్కీ తీరం ఫొటో తర్వాత ఏమైందో కూడా చూడండి. సిరియా శరణార్థుల కోసం స్వీడన్ రెడ్‌క్రాస్‌కి వచ్చే విరాళాలు అమాంతం ఆకాశానికెళ్ళి, కొన్ని వారాలకే పడిపోయాయని మనస్తత్వ పరిశోధకుడు పాల్ స్లోవిక్ బృందం 2017లో లెక్కలేసి చూపించింది. జాలి కొన్ని వారాలు. ఫొటో శాశ్వతం.

ఇంకోటి. యూనిసెఫ్ విలేకరులకి ఇచ్చిన సూత్రాల్లో ఒకటుంది: ఆ ఒక్క పిల్ల మేలు మిగతా అన్నిటికంటే ముందు, చివరికి పిల్లల హక్కుల కోసం చేసే ప్రచారం కంటే కూడా ముందు. అంటే "వేలమంది పిల్లల కోసం ఈ ఒక్క పిల్లని చూపించాం" అన్న మీ వాదన అక్కడే చెల్లదు.

తప్పిపోయిన పిల్లాడి ఫొటో ఒప్పుకుంటాను. దొరికాక తీసేశారా?

డెస్క్_బాబాయి · 11:55

తీయడం నా చేతిలో లేదు. ఆన్‌లైన్ విభాగం వేరు.

గోడమీదపిల్లి · 11:56

మినహాయింపు లేదన్నారు, రెండు గంటల్లోనే ఒకటి ఇచ్చేశారు. ఏనుగు తొండం లోపలికొచ్చినట్టే.

రెండోపేజీ · శనివారం ఉదయం 7:30

రాత్రంతా బాధితుల గురించే కొట్టుకున్నారు. రెండో వేషం, బడుద్ధాయి, ఎవరికీ గుర్తు రాలేదు.

1993లో ఇంగ్లండులోని లివర్‌పూల్ దగ్గర ఇద్దరు పదేళ్ళ పిల్లలు రెండేళ్ళ పసివాణ్ణి చంపారు. పెద్దల కోర్టులోనే విచారించారు. శిక్ష ఖరారయ్యాక పేర్లు వెల్లడించొచ్చని జడ్జి అనుమతించాడు. ఫొటోలు, పేర్లు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి, రాక్షసులని రాశారు. 1999లో యూరప్ మానవహక్కుల న్యాయస్థానం ఆ విచారణ న్యాయంగా జరగలేదని తేల్చింది. 2001లో విడుదల చేసేటప్పుడు అక్కడి ప్రభుత్వమే వాళ్ళకి కొత్త పేర్లు, కొత్త గుర్తింపు ఇవ్వాల్సి వచ్చింది. బయటపెట్టిన పేరుని మళ్ళీ పాతిపెట్టడానికి ఎంత శ్రమో చూడండి.

మరుసటి ఏడాది, 1994లో, నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో ఐదేళ్ళ పాపని ఆమెతో ఆడుకునే చిన్నపిల్లలే కొట్టి చంపారు. పత్రికలు వాళ్ళ పేర్లు రాయలేదు. ఊరు వాళ్ళని వెలివేయలేదు, తిరిగి తోటిపిల్లల మధ్యకే పంపారు.

అమెరికాలో 1995లో జాన్ డియులియో అనే ప్రొఫెసరు "సూపర్ ప్రెడేటర్లు" అనే మాట పుట్టించాడు. జాలిలేని పిల్ల నేరస్థుల తరం వచ్చేస్తోందన్నాడు. పత్రికలు, టీవీలు ఆ మాటని పండగ చేసుకున్నాయి. వచ్చిన తరం ఏం చేసింది? పిల్లల నేరాలు తగ్గాయి. ఆయనే తర్వాత తప్పైందని ఒప్పుకున్నాడు. కానీ అప్పటికే చాలా రాష్ట్రాలు పిల్లల్ని పెద్దల కోర్టులకి లాగే చట్టాలు చేసేశాయి. కాబట్టి ముఖం మూసినంతమాత్రాన ఏమీ కాదు. ముఖం లేకుండానే ఒక తరం మొత్తానికి వేషం కట్టారు.

పూర్ణవిరామం · 8:05

నార్వే పిల్లలు ఆరేళ్ళవాళ్ళు. లివర్‌పూల్ వాళ్ళు పదేళ్ళవాళ్ళు. ఈ పోలిక చెల్లదు.

రెండోపేజీ · 8:11

నాలుగేళ్ళ తేడాకి ఒకరు పిల్లలు, ఒకరు రాక్షసులు అయిపోతారా?

పూర్ణవిరామం · 8:12

నేను అలా అనలేదు. పోలిక చెల్లదన్నాను.

కిటికీ · 10:20

ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఈసారి రాయాలనిపించింది.

పదమూడేళ్ళప్పుడు నేను ఉన్న హాస్టల్లో వార్డెన్ పిల్లల్ని బెల్టుతో కొట్టేవాడు. అధికారులు వచ్చినప్పుడు అందరూ తలదించుకుంటే నేనొక్కదాన్నే నిలబడి చెప్పాను. మర్నాడు పేపర్లో పడింది. నా ముఖం మీద గళ్ళు గళ్ళుగా మసి. పేరు బదులు "ఓ బాలిక". అదే పేజీలో పక్కన వార్డెన్ నిలువెత్తు ఫొటో, ఇస్త్రీ చొక్కా, పూర్తి పేరు.

కొత్త హాస్టల్లో అమ్మాయిలు ఆ కటింగ్ చూపించి అడిగిన మొదటి ప్రశ్న: "నువ్వేం చేశావని ముఖం దాచారు?" అప్పటిదాకా నేను మంచి పని చేశాననుకున్నాను. ఆ రోజు నుంచి ఎందుకో సిగ్గేసింది. చాలా ఏళ్ళు పట్టింది.

పైగా ఆ బ్లర్ వల్ల దాగిందేమన్నా ఉందా? యూనిఫాం ఉంది, హాస్టల్ బోర్డు ఉంది, పక్కన నిలబడ్డ మా అమ్మ ముఖం స్పష్టంగా ఉంది. తెలియాల్సినవాళ్ళందరికీ తెలిసిపోయింది. తెలియనివాళ్ళ దగ్గర మాత్రం నేను తప్పు చేసినదాన్నయ్యాను.

మూసినందుకు కోపం లేదు. మూయనా అని నన్నెవరూ అడగలేదు, అందుకు.

మీనా_టీచర్ · 10:34

కిటికీ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇంకేం అనలేను.

డెస్క్_బాబాయి · 10:50

చూశారా నాన్నపులి గారూ. అన్నీ మూసెయ్యాలన్న మీ రూలు ఇక్కడ ఏం చేసిందో. అమ్మ ముఖం వదిలెయ్యడం మాత్రం డెస్కు తప్పే, ఒప్పుకుంటాను. రాత్రి పదకొండు దాటాక పేజీ మీద పదమూడు ఫొటోలుంటే ఎవడూ పక్కనున్న మనిషిని చూడడు.

నాన్నపులి · 11:30

ఇదీ మీ వృత్తి. ఒప్పుకుంటూనే రాత్రి పదకొండు మీదకి నెట్టేస్తారు.

కిటికీ గారి బాధ నిజమే, కాదనను. కానీ ఒక్కరి అనుభవంతో రూలు పెట్టకూడదు.

గోడమీదపిల్లి · 11:32

మీరు పెట్టింది కూడా ఒక బంధువుల పాప అనుభవంతోనే కదా సార్?

నాన్నపులి · 11:58

సరే. చెప్తాను.

ఐదేళ్ళకే నూట తొంభై దేశాల రాజధానులు గడగడా చెప్పేది. చానెల్ వాళ్ళు వచ్చారు. యాంకర్ దేశం పేరు అంటుంది, ఇది టక్కున చెప్పేస్తుంది. మధ్యలో ఒకటి తడబడింది. కట్ చేసి, జవాబు వెనకనుంచి అందించి మళ్ళీ చెప్పించారు. "చిన్నారి సరస్వతి" అని వేశారు. రెండు పేపర్లలో పడింది. బళ్ళో పిలుపు మారిపోయింది. టీచర్లు కూడా పేరు పెట్టి పిలవడం మానేశారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. దానికి పదకొండేళ్ళు వచ్చాక ఒకాయన ఫోన్ చేశాడు, "ఆ బాలమేధావులు ఇప్పుడెక్కడ" అని ఫీచర్ రాస్తున్నాం అన్నాడు. రాశాడు. ఐదుగురి గురించి. నలుగురు ఏదో ఒకటి సాధించారు. ఐదో బాక్సులో మా పాప, చిన్నప్పటి ఫొటోతో సహా. "ప్రస్తుతం సాధారణ విద్యార్థిని." ఆ ఒక్క వాక్యమే. తప్పేం లేదు అందులో, నిజమే రాశాడు.

అప్పటినుంచి అది క్లాసులో చెయ్యి ఎత్తదు. జవాబు తెలిసినా సరే.

డెస్క్_బాబాయి · మధ్యాహ్నం 12:10

"మా పాప" అన్నారు.

నాన్నపులి · 12:14

అవును. నా కూతురే. ఇప్పుడు సంతోషమా?

డెస్క్_బాబాయి · 12:31

సంతోషం కాదండీ. కానీ ఒకటి అడక్క తప్పదు. ఐదేళ్ళ పిల్ల తనంతట తాను స్టూడియోకి వెళ్ళదు. చానెల్‌కి వీడియో పంపిందెవరు? "అప్పటినుంచి అది క్లాసులో చెయ్యి ఎత్తదు" అంటున్నారే, ఆ ఫీచర్ విలేకరికి "సాధారణ విద్యార్థిని" అన్న మాట ఎవరు చెప్పారు?

మా ఆఫీసుకి వారానికి పదిమంది తండ్రులు వచ్చేవాళ్ళు సార్, పిల్లల్ని తీసుకుని. మేము వెయ్యం అంటే పక్క పేపరుకి వెళ్ళేవాళ్ళు. ఒకాయన నాలుగేళ్ళ వాడిచేత పద్యాలు చెప్పిస్తూ, వాడు నీళ్ళు అడిగితే "ఇంకొక్కటి చెప్పు, తర్వాత" అన్నాడు. ఆయన కళ్ళకి కనిపించింది వాడి దాహం కాదు, ఫొటో. మైకు మాదే, ఒప్పుకుంటాను. పిల్లని మైకు దగ్గరికి ఎత్తి పట్టుకున్న చేతులు ఎవరివి?

రెండోపేజీ · 12:35

బాబాయి గారూ, కొంచెం తగ్గండి.

నాన్నపులి · 12:52

నేనే పంపాను వీడియో. చాలా?

తప్పని తెలియక పంపాను. గర్వంతో పంపాను. కన్నపిల్ల గొప్పదని నలుగురికీ చెప్పుకోవాలనుకోవడం నేరమా? అవతలివాడికి అది వృత్తి. రోజూ చూస్తాడు, పిల్లలకి ఏమవుతుందో వాడికి తెలియాలి. సంతకం పెట్టమన్నప్పుడు ఒక్కడైనా "ఆలోచించుకోండి, ఇది పదేళ్ళ తర్వాత కూడా ఉంటుంది" అన్నాడా? డాక్టరు ఆపరేషన్‌కి ముందు చెప్తాడు కదా.

అందుకే కదా నేను రూలు అడుగుతున్నది. నాలాంటి తండ్రి నుంచి కూడా కాపాడే రూలు. తండ్రి సంతకం పెట్టినా చెల్లని రూలు.

మీనా_టీచర్ · 1:20

ఇప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. రాత్రి నుంచి చూపాలా మూయాలా అని కొట్టుకున్నాం. కిటికీ గారిని అడగకుండా మూశారు, మీ పాపని అడగకుండా చూపారు. మీ రూలు వచ్చినా అడగకుండా మూసేస్తుంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఉంది, తనకి సంబంధించిన విషయంలో పిల్లల మాట వినాలని, వయసుని బట్టి దానికి విలువ ఇవ్వాలని. గోప్యత గురించిన 17వ అధికరణం అందరికీ గుర్తుంటుంది, ఇది గుర్తుండదు.

పూర్ణవిరామం · 1:24

గోప్యత 16వది. 17 ప్రసార మాధ్యమాల గురించి.

నాన్నపులి · 1:31

ఐదేళ్ళ పిల్లని అడిగితే ఏం చెప్తుందండీ? టీవీలో కనిపిస్తావా అంటే ఎగిరి గంతేస్తుంది. మాది గంతేసింది.

కిటికీ · 1:45

ఐదేళ్ళప్పుడు సరే. పదకొండేళ్ళకి ఆ ఫీచర్ విలేకరి ఫోన్ చేసినప్పుడు, తనని అడిగారా?

నాన్నపులి · 2:40

లేదు. నేనే మాట్లాడాను. "ఇప్పుడు మామూలుగానే చదువుతోందండీ" అన్నాను. వినయంగా ఉంటుందని అన్నాను.

గోడమీదపిల్లి · 2:42

(ఈసారి జోకు లేదు.)

మీనా_టీచర్ · 3:05

నాన్నపులి గారూ, ఒక మాట చెప్పనా, కోపం తెచ్చుకోకండి. పిల్లలకి వార్తలు వద్దని కాదు. బీబీసీ 1972 నుంచి న్యూస్‌రౌండ్ అని పిల్లల వార్తలు వేస్తోంది. 1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన వార్తని బ్రిటన్ టీవీలో మొదట చెప్పింది ఆ కార్యక్రమమే. అదే ప్రమాదాన్ని అమెరికాలో ఎంతోమంది పిల్లలు తరగతి గదుల్లో కూర్చుని ప్రత్యక్షంగా చూశారు, అందులో ఒక టీచరమ్మ వెళ్తోందని. పిల్లలకి నిజం చెప్పడానికి పద్ధతులున్నాయి. నిజం చెప్పడం వేరు, పిల్లనే నిజంగా మార్చి అచ్చేసుకోవడం వేరు. మీ పాపకి ఇప్పుడు ఎన్నేళ్ళు?

నాన్నపులి · 3:08

పదహారు.

మీనా_టీచర్ · 3:10

మరి ఆ లింకు తీయించాలా వద్దా అని తననే అడగొచ్చు కదా.

డెస్క్_బాబాయి · 3:26

అడిగి చెప్పండి. ఏ సంస్థో నాకు వ్యక్తిగతంగా పంపండి. ఆన్‌లైన్ విభాగాల్లో తెలిసినవాళ్ళు ఒకరిద్దరున్నారు, మాట్లాడతాను. ఇందాక ఎక్కువ మాట్లాడాను. ఆ నాలుగేళ్ళ పద్యాల పిల్లాడి ఫొటో వేసింది నేనే.

నాన్నపులి · ఆదివారం రాత్రి 8:15

అడిగాను.

చెప్పడానికి మొదలుపెట్టి, ఈ చర్చ తెరిచి చూపించాను. నేను రాసినవి అన్నీ చదివింది. మెల్లిగా చదివింది. లింకు గురించి ఏమీ అనలేదు. "క్లాసులో చెయ్యి ఎత్తనని వీళ్ళందరికీ ఎందుకు చెప్పావు?" అంది. లేచి వెళ్ళిపోయింది.

నిర్వాహకుడు గారూ, శనివారం ఉదయం 11:58 నుంచి నేను రాసినవన్నీ తీసెయ్యండి. ఇది కూడా.

నిర్వాహకుడు · 8:40

మీ పోస్టులు రేపు ఉదయం తొలగిస్తాను. ఇతరులు తమ పోస్టుల్లో ఎత్తి రాసిన మీ మాటల్ని మేము మార్చలేము, అవి రాసినవారే తీసుకోవాలి. దయచేసి అందరూ గమనించండి.

కిటికీ · 8:44

నావి తీసేస్తున్నాను. పాపకి చెప్పండి.

డెస్క్_బాబాయి · 8:51

నేనూ ఎత్తి రాశాను. తీసేస్తాను.

పూర్ణవిరామం · 9:02

నేను అధికరణం సంఖ్య మాత్రమే సరిచేశాను, అందులో ఆ అమ్మాయి ప్రస్తావన లేదు. నాది ఉంచుతున్నాను.